ఆల్కో నడిపిన మామయ్య, డీజిళ్ళ పిచ్చి ఉన్న మావారు, రైలంటే పడని అత్తయ్య

ప్రశ్న: మేం బ్రిస్టల్‌లో ఉంటాం. మావారికీ, పదేళ్ళ మా బాబుకీ పాత డీజిల్ ఇంజన్ల పిచ్చి. ఈ జూన్‌లో అత్తయ్య, మామయ్య మొదటిసారి ఇంగ్లండ్ వస్తున్నారు. మామయ్య గుత్తి, గుంతకల్లు వైపు ఆల్కో డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరయ్యారు. అందర్నీ సముద్రం పక్కన పాత డీజిల్ రైళ్ళు నడిచే చోటికి ఒకరోజు తీసుకెళ్ళాలని మావారి పట్టుదల. ఒకసారి డాలిష్ అంటారు, ఒకసారి మైన్‌హెడ్ అంటారు. పోయినేడు ఇలాగే వేరే లైనుకు వెళ్తే ఒక వంతెన నుంచి ఇంకో వంతెనకు కారులో రైళ్ళ వెంట పరుగే సరిపోయింది. నేనూ ఆరేళ్ళ పాపా కారులో కూర్చున్నాం. పాప ఇప్పుడే 'నేను రాను' అంటోంది. ఫోన్‌లో అత్తయ్యకు చెబితే, 'ఆయన ఉద్యోగమంతా పండగలూ పబ్బాలూ రైళ్ళకే పోయాయి, అక్కడికొచ్చి కూడా రైళ్ళేనా, మీరెళ్ళండి, నేను ఇంట్లో ఉంటా' అన్నారు. మావారు తీసిన వేల ఫోటోల్లో నేనూ పిల్లలూ ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ రోజు అందరికీ బాగా గడవాలంటే ఏం చేయాలి? అసలు స్టీమ్ ఇంజనంటే అర్థముంది, ఈ డీజిళ్ళలో ఏముంది? పైగా దీనికోసం కొత్త లెన్సు కొంటానంటున్నారు. కొననివ్వాలా?

జవాబు: ముందు ఊరి సంగతి తేల్చేద్దామమ్మా. మైన్‌హెడ్.

డాలిష్ అందాన్ని ఎవరూ కాదనలేరు. ఒక పక్క ఎర్రటి కొండ, ఇంకో పక్క సముద్రపు గోడ, మధ్యలో పట్టాలు. 1846లో ఇంజనీరు బ్రూనెల్ వేసిన లైను అది. 2014 ఫిబ్రవరి తుఫానుకి ఆ గోడ తెగి, పట్టాలు గాల్లో వేలాడాయి. రెండు నెలల పాటు రైళ్ళు నడవలేదు. కానీ అది మెయిన్ లైను. రోజంతా తిరిగేవి ఇప్పటి రైళ్ళే. పాత డీజిల్ ఇంజను ఎప్పుడో ఒక స్పెషల్ రైలుకు తగిలించుకుని వస్తుంది, పది సెకన్లలో వెళ్ళిపోతుంది. ఆ పది సెకన్ల కోసం ఆరేళ్ళ పిల్లనీ, మోకాళ్ళు పట్టేసే వయసున్న పెద్దవాళ్ళనీ గాలికి గోడ మీద నిలబెట్టడం దేనికి? మీవారు ఒక్కరే ఎప్పుడైనా ఆదివారం వెళ్ళిరావాల్సిన చోటు అది.

మైన్‌హెడ్ లైను వేరు. అప్పటి ప్రభుత్వ రైల్వే అయిన బ్రిటిష్ రైల్ 1971 జనవరిలో మూసేసిన ఈ బ్రాంచి లైను 1976లో వెస్ట్ సోమర్సెట్ రైల్వే పేరుతో మళ్ళీ మొదలైంది. ఎక్కువగా వాలంటీర్ల శ్రమ మీదే నడుస్తోంది. బిషప్స్ లిడియర్డ్ నుంచి మైన్‌హెడ్ దాకా దాదాపు 20 మైళ్ళు, పది స్టేషన్లు. డీజిల్ గాలా, అంటే డీజిల్ ఇంజన్ల పండగ, మామూలుగా జూన్‌లో పెడతారు. ఆ రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాత ఇంజన్లే తిరుగుతాయి. తేదీలూ, ఆరోజు టైమ్‌టేబులూ వాళ్ళ ప్రకటనలో చూసి టికెట్లు తీసుకోండి. బ్రిస్టల్ నుంచి బిషప్స్ లిడియర్డ్‌కి కారులో గంటా గంటంబావు ప్రయాణం.

ఇక అసలు విషయం. పోయినేడు మిమ్మల్ని విసిగించింది రైళ్ళు కాదు, రైళ్ళ వెంట పరుగు. ఈ లైనులో ఆ పరుగు అవసరమే లేదు. ఇది సింగిల్ లైను. చివర మైన్‌హెడ్‌లో పట్టాలు అయిపోతాయి. అటు వెళ్ళిన ప్రతి ఇంజనూ అదే దారిన తిరిగి రావాలి, ఇంకో దారి లేదు. కాబట్టి ఒక మంచి చోట కూర్చుంటే మీ ముందు నుంచి వెళ్ళిన ఇంజను కాసేపటికి మీ ముందుకే వస్తుంది. మీవారు కదలక్కర్లేదు, మీరు అసలే కదలక్కర్లేదు. ఈ ఒక్కమాట మీవారితో ఒప్పించగలిగితే మిగతాదంతా సర్దుకుంటుంది.

ఆ మంచి చోటు బ్లూ యాంకర్ స్టేషను. ప్లాట్‌ఫారం, దాని పక్కన రోడ్డు, రోడ్డు దాటితే బీచి. బాబు కెమెరాతో ప్లాట్‌ఫారం మీద ఉన్నా, పాప గులకరాళ్ళతో ఆడుకుంటున్నా కేక వేస్తే వినిపించేంత దూరం. రోడ్డు దాటేటప్పుడు పాప చెయ్యి పట్టుకోండి, కార్లు వస్తూనే ఉంటాయి.

బ్లూ యాంకర్‌కి ఇంకో గుణం ఉంది. అక్కడ ఎదురెదురుగా వచ్చే రైళ్ళు క్రాసింగ్ అవుతాయి. ఒకటి వచ్చి ఆగుతుంది, రెండోది వచ్చేదాకా కదలదు. సిగ్నల్‌మన్‌కీ డ్రైవర్‌కీ మధ్య టోకెన్, అంటే ముందున్న సింగిల్ లైనులోకి వెళ్ళడానికి అనుమతి గుర్తు, చేతులు మారుతుంది. మామయ్యగారు దీన్ని చూసి ఏమంటారో నాకు తెలుసు. మన దగ్గర నీల్స్ బాల్ టోకెన్ ఉన్న సింగిల్ లైనుల్లో ఆ లోహపు బంతి చేతికి రాకుండా బండి కదిపిన డ్రైవరు లేడు. ఆ బంతి కథలు మీ బాబుకు చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఇంగ్లండ్‌లో దొరకదు. వీడియో తీస్తే అదే తీయండి, ఇంజన్ల వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి.

మీవారికి ఒక షరతు పెట్టండి. ముందురోజు రాత్రి టైమ్‌టేబులు దగ్గర పెట్టుకుని, ఏ రైలుకు ఏ ఇంజను అని చూసుకుని, ఆయనకు కావాల్సిన మూడు రైళ్ళు ఎంచుకోవాలి. ఆ మూడూ వచ్చే టైముకి అరగంట అటూ ఇటూ ఆయన మనిషి కాదు, ఫోటోగ్రాఫరు. ఎవరూ ఏమీ అడగరు, నీళ్ళ సీసా ఎక్కడ అని కూడా. మిగతా టైములో కెమెరా సంచిలో ఉంటుంది. ఫోటోలు తీసేవాళ్ళకి ఇది శిక్షలా అనిపిస్తుంది గానీ, మూడు రైళ్ళు అనుకుని తీసినవాడికి మూడు మంచి ఫోటోలు వస్తాయి, అన్నీ తీద్దామనుకున్నవాడికి రాత్రి డిలీట్ చేసే పని మిగులుతుంది. ఒక్క జాగ్రత్త. పాత ఇంజన్లు మొరాయిస్తాయి. ప్రకటించిన ఇంజను ఆరోజు షెడ్‌లోనే ఉండిపోయి ఇంకోటి రావచ్చు. 'ఫలానా ఇంజను చూపిస్తా' అని బాబుకి మాట ఇవ్వొద్దని చెప్పండి.

డీజిళ్ళలో ఏముందని అడిగారు. చాలామంది అడుగుతారు, ఇంగ్లండ్‌లో కూడా. బ్రిటిష్ రైల్ 1968 ఆగస్టులో స్టీమ్‌కి స్వస్తి చెప్పింది. ఆ తర్వాత పుట్టి పెరిగిన పిల్లలు వేసవి సెలవుల్లో సముద్రానికి వెళ్ళింది డీజిల్ ఇంజను లాగిన రైళ్ళలోనే. వాళ్ళకు బెంగ దాని మీదే. ఆ ఇంజన్లు తుక్కు కింద పోతుంటే కొందరు చందాలు పోగుచేసి కొన్నారు. ఈ లైను మధ్యలో విల్లిటన్ స్టేషన్ దగ్గర డీజిల్ అండ్ ఎలక్ట్రిక్ ప్రిజర్వేషన్ గ్రూప్ వర్క్‌షాపు ఉంది. సెలవురోజుల్లో చేతులకు గ్రీజు పూసుకుని ఇంజన్లను బతికిస్తున్నది ఇలాంటి బృందాలే.

ఈ ప్రాంతపు డీజిళ్ళకు ఒక ప్రత్యేకత ఉంది, మామయ్యగారికి నచ్చేది అదే. 1950ల చివర, 60ల మొదట్లో బ్రిటన్‌లో మిగతా ప్రాంతాలన్నీ డీజిల్ ఎలక్ట్రిక్ దారి పడితే, ఈ పడమటి వైపు చూసుకునే వెస్టర్న్ రీజియన్ వాళ్ళు జర్మనీని చూసి డీజిల్ హైడ్రాలిక్ పట్టుకున్నారు. అంటే ఇంజను జనరేటర్ని తిప్పి, దాని కరెంటుతో చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటార్లు తిరిగే పద్ధతి కాదు. ఇంజను శక్తి నూనెతో పనిచేసే ట్రాన్స్‌మిషన్ ద్వారా నేరుగా చక్రాలకు పోతుంది. బరువు తగ్గుతుందని వాళ్ళ లెక్క. అలా వచ్చినవే 'హైమెక్'లు, 'వెస్టర్న్'లు. హైమెక్ 1,700 హార్స్‌పవర్, మొత్తం 101 కట్టారు. ఒక్కో వెస్టర్న్ లోపల జర్మన్ డిజైను మేబాక్ ఇంజన్లు రెండు, కలిపి 2,700 హార్స్‌పవర్, 1961 నుంచి 74 కట్టారు. దేశమంతా ఒక పద్ధతిలో ఉంటే ఈ ఒక్క రీజియన్ ఇంకో పద్ధతిలో ఉండటం నడిపేవాళ్ళకు ఇబ్బందైంది. వయసు రాకముందే తీసేశారు. ఆఖరి వెస్టర్న్‌లు 1977 ఫిబ్రవరిలో సర్వీసు నుంచి తప్పుకున్నాయి. పట్టుమని పదహారేళ్ళు కూడా నడవలేదు. ఇప్పుడు మిగిలిన కొన్నిటి చుట్టూ ఇంత అభిమానం ఉందంటే ఆ తొందర మరణం కూడా ఒక కారణమే.

మామయ్యగారు నడిపిన డబ్ల్యూడీఎం-2, మనవాళ్ళు ఆల్కో అని పిలిచేది, 2,600 హార్స్‌పవర్. లోపల ఒకే ఇంజను, 16 సిలిండర్లు. అమెరికా కంపెనీ డిజైను, 1964 నుంచి వారణాసిలో కట్టారు. శక్తిలో వెస్టర్న్, ఆల్కో రెండూ ఇంచుమించు సమానం, లోపల మాత్రం పూర్తిగా వేరు. 'ట్రాక్షన్ మోటార్లు లేకుండా ఎలా లాగుతుంది?' అని ఆయన తప్పకుండా అడుగుతారు. యార్డుల్లో షంటింగ్ చేసిన మన డబ్ల్యూడీఎస్-4 కూడా హైడ్రాలికే అని గుర్తుచేయండి, ఆయనే మిగతాది చెప్పేస్తారు. ఇంగ్లీషు అంతగా రాదని ఆయన వెనకాడితే పట్టించుకోవద్దు. నాచ్, బ్రేక్, వాక్యూమ్, బోగీ, బఫర్ అంటే అక్కడి డ్రైవరుకు అర్థం కానిదేముంది? ఖాళీగా నిలబడ్డ ఇంజను దగ్గర సిబ్బంది ఉంటే, 'మా మామగారు ఇండియన్ రైల్వేస్‌లో డీజిల్ డ్రైవర్‌గా చేశారు' అని మీరే ముందుకెళ్ళి చెప్పండి. క్యాబ్‌లోకి రానిస్తారో లేదో ఆరోజు పరిస్థితిని బట్టి ఉంటుంది, హక్కుగా అడగొద్దు. మాట్లాడటానికైతే సాధారణంగా వాళ్ళు ఎప్పుడూ సిద్ధమే. వాలంటీర్లలో రిటైరైనవాళ్ళు చాలామంది ఉంటారు.

గేజి, అంటే పట్టాల మధ్య వెడల్పు, సంగతి కూడా ఆయన చెవిన వేయండి. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు, ఇక్కడిది 1,435. ఇక్కడి ఇంజన్లు ఆయన కంటికి కాస్త సన్నగా కనిపిస్తాయి. కానీ ఇదే లైను 1862లో వాచెట్ దాకా వేసినప్పుడు బ్రూనెల్ గారి ఏడడుగుల గేజి, మన బ్రాడ్ గేజి కన్నా వెడల్పు. 1882లో మార్చారు. ఆయన, మీ బాబు కలిసి దీని మీద ఒక గంట వాదించుకోగలరు.

ఇప్పుడు అత్తయ్యగారు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆవిడ మాటే. బండి నడిపే రన్నింగ్ స్టాఫ్ ఇళ్ళల్లో ఆడవాళ్ళు పడ్డ కష్టం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ తలుపు కొడితే లేచి డబ్బా సర్దడం, సంక్రాంతి నాడు మనిషి ఏ రన్నింగ్ రూమ్‌లో పడుకున్నాడో తెలియకపోవడం, పిల్లాడికి జ్వరమొస్తే ఒక్కత్తే ఆస్పత్రికి పరిగెత్తడం. అలాంటి మనిషి 'రైళ్ళు చూడ్డానికి రాను' అంటే అది చాదస్తం కాదు. 'రండత్తయ్యా, భలే ఉంటుంది, మామయ్య ఎంత సంతోషిస్తారో' అని మీరు బతిమాలితే ఆవిడ మీ ముఖం చూసి వస్తారు. వచ్చి బెంచీ మీద సంచులు కాపలా కాస్తారు. మళ్ళీ పాత ఉద్యోగమే.

ఆవిణ్ణి పిలవాల్సింది మీరు కాదు, మీవారూ కాదు. మామయ్యగారు. ఈ మాట ఆయనకు చెప్పే పని మాత్రం మీవారిది, కొడుకు చెబితేనే బావుంటుంది. ఆయన పిలిచీ ఆవిడ రానంటే వదిలేయండి. ఆరోజు ఇంట్లో విశ్రాంతిగా ఉండటం కూడా ఆవిడ హక్కే. ఆవిడ వంట చేసి మీకోసం ఎదురుచూడకుండా మాత్రం చూసుకోండి, భోజనానికి బయట ఏర్పాటు చేసి వెళ్ళండి.

వస్తానంటే మాత్రం ఆవిడ రోజును రైళ్ళ నుంచి విడదీయండి. బ్లూ యాంకర్ తర్వాతి స్టేషను డన్‌స్టర్, దాని తర్వాత మైన్‌హెడ్. మైన్‌హెడ్ స్టేషను సముద్రపు ఒడ్డునే ఉంటుంది, దిగి నాలుగడుగులు వేస్తే బీచి, షాపులు, కూర్చోడానికి బెంచీలు. మధ్యాహ్నం మీరూ అత్తయ్యగారూ పాపా రైలెక్కి మైన్‌హెడ్ వెళ్ళిపోండి. మగవాళ్ళు ముగ్గురూ బ్లూ యాంకర్‌లో ఉంటారు. తర్వాతి రైలుకో, ఆ తర్వాతి రైలుకో వాళ్ళే మీ దగ్గరికి వస్తారు. సంచులు మోసేది వాళ్ళే. ఒకే టికెట్ మీద రోజంతా ఎక్కి దిగే వీలుందో లేదో కొనేముందే చూసుకోండి.

పాప సంగతికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. 'రైళ్ళు చూడ్డానికి వెళ్తున్నాం' అనే మాట దాని దగ్గర అనకండి, 'బీచికి వెళ్తున్నాం' అనండి. అబద్ధం కాదు కదా. బకెట్, చిన్న పార, ఒక జత అదనపు బట్టలు. దానికీ ఒక పాత ఫోను ఇవ్వండి ఫోటోలకు, రైళ్ళవే తీయాలన్న నియమం లేకుండా. అది తీసే కాకుల, చెప్పుల, తాతయ్య చెవి ఫోటోలు ఇంజన్ల ఫోటోల కన్నా ఎక్కువసార్లు చూసుకుంటారు మీరు.

ఇసుక, నీళ్ళు అన్నాను కాబట్టి అక్కడి సముద్రం గురించి ముందే చెప్పాలి. అది బ్రిస్టల్ ఛానల్. విశాఖ బీచిలో కనిపించే నీలం ఆశించకండి. నీళ్ళు వరద గోదావరిలా బురద రంగులో ఉంటాయి. ఎండ కాసిన రోజు అవతల వేల్స్ తీరం కనిపిస్తుంది. ప్రపంచంలో ఆటుపోట్ల తేడా బాగా ఎక్కువగా ఉండే చోట్లలో ఇదొకటి, పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం పది మీటర్ల ప్రాంతంలో ఎక్కి దిగుతుంది. ఆటు సమయంలో సముద్రం కనుచూపు మేర వెనక్కి పోయి రాళ్ళూ బురదా మిగులుతాయి. మీవారు 'సముద్రం పక్కన రైలు' ఫోటో ఊహించుకుని వెళ్తే, ఆ టైముకి సముద్రమే ఉండకపోవచ్చు! పోటు టైములు ముందే నెట్‌లో దొరుకుతాయి. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ పన్నెండున్నర గంటల తేడా. మైన్‌హెడ్ పోటు టైమునూ రైళ్ళ టైమ్‌టేబులునూ పక్కపక్కన పెట్టుకుని మూడు రైళ్ళనూ ఎంచుకోమనండి. పిల్లల్ని మాత్రం ఆటు చూసి లోపలికి నడవనీయకండి. బురదలో కాళ్ళు కూరుకుపోతాయి, నీళ్ళు తిరిగొచ్చేటప్పుడు వేగంగా వస్తాయి. కొండ అంచుల కింద కూడా కూర్చోవద్దు, రాళ్ళు రాలుతుంటాయి.

వెలుతురు గురించి మీవారికి తెలిసే ఉంటుంది, అయినా రాస్తాను. ఈ తీరంలో సముద్రం ఉత్తరాన ఉంది. కాబట్టి రోజులో ఎక్కువసేపు ఎండ, నేల వైపు నుంచే రైలు మీద పడుతుంది. బీచి వైపు నుంచి తీస్తే ఎండ ఎదురు. ఇంజను మొహం నల్లగా వస్తుంది. పొద్దున పూట మైన్‌హెడ్ నుంచి వచ్చే రైళ్ళ మొహం మీద వెలుతురుంటుంది, మధ్యాహ్నం తర్వాత మైన్‌హెడ్ వెళ్ళే వాటి మీద. రైలూ సముద్రమూ ఒకే ఫోటోలో కావాలంటే రైలుకు నేల వైపు, కాస్త ఎత్తులో ఉండాలి, అదీ పబ్లిక్ రోడ్డో కాలిబాటో అయితేనే. దొరక్కపోతే ఆ ఫోటో వదిలేయమనండి. రైల్లో కూర్చుని తీసుకోవచ్చు. మైన్‌హెడ్ వెళ్ళేటప్పుడు కుడిచేతి వైపు సీట్లు పట్టుకుంటే డోనిఫర్డ్ దగ్గర సముద్రం మొదటిసారి కనిపిస్తుంది, వాచెట్‌లో హార్బరు, బ్లూ యాంకర్ తర్వాత తీరం వెంబడి ప్రయాణం.

మీరు ఫోటోల్లో లేరన్న ఫిర్యాదు దగ్గరికి వస్తే, క్రాసింగ్ కోసం రైలు ఆగి ఉన్నప్పుడే దానికి అదను. ఇంజను కదలదు, డ్రైవరు తొందరపడడు, మీవారికి సాకు లేదు. మిమ్మల్ని ఇంజనుకు ఆనుకుని వరసగా నిలబెట్టి 'స్మైల్' అనే ఫోటో వద్దనండి. ప్లాట్‌ఫారం అంచుకు బాగా ఇవతల, మీ అందరికీ దగ్గరగా ఆయన నిలబడి, ఇంజను వెనక వచ్చేలా తీయాలి. ఇంజను పూర్తిగా రాకపోయినా ఫర్వాలేదు, మనుషుల మొహాలు రావాలి. మామయ్యగారు చక్రాలు వంగి చూస్తున్నప్పుడు, బాబుకు ఏదో వేలెత్తి చూపిస్తున్నప్పుడు, అడక్కుండా తీస్తే ఇంకా మంచిది. ఒక ఫోటో మాత్రం కెమెరా మీ చేతికి తీసుకుని మీరు తీయండి, ఆయన అందులో ఉండేలా.

ఒక విషయంలో మామయ్యగారి మీదే కన్నేసి ఉంచాలి. జీవితమంతా పట్టాల మధ్య నడిచిన మనిషికి పట్టాలు దాటడం వీధి దాటడమంత మామూలు. ఇక్కడ అనుమతి లేకుండా లైను మీదికి దిగితే నేరం, అది పాత రైల్వే అయినా సరే. లైను పక్కన నిలబడి ఫోటోలు తీసేవాళ్ళు ముందే శిక్షణ తీసుకుని పర్మిట్ తెచ్చుకున్నవాళ్ళు. వాళ్ళు అక్కడ ఉన్నారు కదా అని మనం వెళ్ళకూడదు. పాత పెట్టెల్లో తలుపు అద్దం కిందికి దిగుతుంది, తల బయటపెట్టి చూడాలనిపిస్తుంది. పెట్టకూడదు. ఈ రెండూ ఆయనకు మీవారు ఇంట్లోనే చెప్పాలి. ప్లాట్‌ఫారం మీద నలుగురిలో కోడలు చెబితే పెద్దాయన చిన్నబుచ్చుకుంటారు.

తిండి విషయం మీకు నేను చెప్పాలా? పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో కాఫీ. బీచిలో మూత తీసి పెట్టకండి, సీగల్స్ చేతిలోంచి లాక్కుపోతాయి. జూన్ అని నమ్మి పల్చటి బట్టలతో వెళ్ళొద్దు. ఆ గాలికి అత్తయ్యగారికి శాలువా, మామయ్యగారికి మంకీ క్యాపు ఉండాల్సిందే. మందులు సంచి పైనే ఉంచుకోండి. ఏ స్టేషన్లో టాయిలెట్లున్నాయో ముందే చూసిపెట్టుకోండి, పెద్దవాళ్ళకు సగం టెన్షన్ అదే. కారు బిషప్స్ లిడియర్డ్‌లో పెట్టి వెళ్తే, తిరుగు ప్రయాణం గంటకు పైనే పడుతుంది. ఆఖరి రైలు కోసం ఆగకుండా దాని ముందు రైలు పట్టుకోండి. బాబు ఏడుస్తాడు. ఏడవనివ్వండి, పావుగంటలో తాతయ్య ఒళ్ళో నిద్రపోతాడు.

ఇక లెన్సు. వద్దు. ఈ లైనులో రైళ్ళు గంటకు 25 మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లు దాటవు. సెకనులో ఐదువందల వంతు షట్టర్ వేగం పెడితే ఏ మామూలు లెన్సుతోనైనా ఇంజను స్పష్టంగా వస్తుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఇంజను దగ్గరికే వస్తుంది కాబట్టి దూరం లాగే లెన్సుతో పనే లేదు. బాబు ఫోనుకైనా ఒకటే మాట, జూమ్ చేయొద్దు, వరసగా ఫోటోలు తీసే బర్స్ట్ పెట్టుకుని తీసి తర్వాత ఒకటి ఏరుకోమనండి. ఇంజను స్టేషన్ వదిలి కదిలే క్షణంలో పొగా, చప్పుడూ రెండూ ఎక్కువ, అప్పుడు సిద్ధంగా ఉంటే చాలు. ఇంత చెప్పినా కొంటానంటే కాదనకండి. దాని ధర ఎంతో అత్తయ్య, మామయ్యల ముందు, పౌండ్లలో కాకుండా రూపాయల్లో చెప్పమనండి.